కథలో ఊరు, మనిషి
(ప్లాటినం జూబిలీ సాహిత్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



కథలో ఊరి ప్రస్తావన రాగానే చెరువుగట్టు, రావిచెట్టు, గుడిగోపురం వర్ణించి ముందుకు సాగిపోవడం చాలామంది రచయితలకు అలవాటు. నాటకంలో వెనుక కట్టిన తెర వంటిదే స్థలమన్న భావన దీనికి మూలం. తెర మార్చినా పాత్ర మారకపోతే ఆ కథలో ఊరు లేదన్నమాటే.

గురజాడ అప్పారావుగారి ‘దిద్దుబాటు’ 1910లో వెలువడింది. భోగం మేళాల మోజులో అర్ధరాత్రి ఇల్లు చేరే భర్తకు కమలిని ఉత్తరం రాసిపెట్టి బుద్ధి చెబుతుంది. ఆడవారికి చదువెందుకని పెద్దలు వాదులాడుకుంటున్న రోజులవి. ఆమె ఒక తరం ముందు పుట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేది. ఆ కథే లేదు.

కాళీపట్నం రామారావుగారి ‘యజ్ఞం’ 1964 నాటిది. ఉత్తరాంధ్ర పల్లె సుందరపాలెంలో అప్పల్రాముడి బాకీ తగవు పంచాయతీకి వస్తుంది. పట్నవాసికి అప్పు కాగితం మీది సంగతి. ఆ పల్లెలో అది పదిమంది నోట నానే పరువు సంగతి. తీర్పరి శ్రీరాములు నాయుడు దుర్మార్గుడు కాడు, ధర్మాత్ముడని పేరున్నవాడు. అందుకే అప్పల్రాముడికి తప్పించుకునే దారి లేకపోయింది. చివరకు అతని కొడుకు సీతారాముడు, తన బిడ్డ బానిస బతుకు బతకరాదని ఆ బిడ్డనే చంపుకుంటాడు. ఇంతటి ఘోరాన్ని పాఠకుడు ఎలా నమ్ముతాడు? ఆ ఊరు ఎలా ‘అభివృద్ధి’ చెందిందో, ఆ వృద్ధి ఎవరి వాకిట ఆగిపోయిందో రచయిత అంతకుముందే ఓపికగా చెప్పి ఉన్నారు. నడక మందగించిందని కొందరు విసుక్కునే భాగం అదే! దానిని తీసివేస్తే సీతారాముడు ఉన్మాది. ఉంచితే ఆ ఊరి బిడ్డ.

ఇక తమిళనాట స్థిరపడిన తెలుగువారి సంగతి. కోవిల్‌పట్టి దాపున ఇడైసెవల్‌లో 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు, రచన తమిళం. అక్కడి నల్లరేగడి నేలా, ఆ నేలకు వలస వచ్చిన తెలుగు కుటుంబాలూ ఆయన పాత్రలను తీర్చాయి. 1976 నాటి ‘గోపల్ల గ్రామం’ నవలే అయినా ఈ సందర్భంలో తలచుకోక తప్పదు. మనవారి వలస తమిళంలో అంత నిండుగా పలకడం సంతోషమే. ఒకింత సిగ్గు కూడా. ఆ లోటు తీర్చే దిశగా స. వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ రాశారు. పులికాట్ సరస్సు నడుమ దీవుల చేపలు, పిట్టలు, పైరుల పేర్లు తొలగిస్తే ఆ కథల్లో తాతా లేడు, మనవడూ లేడు.

యాసను అక్షరాలలో ఒంపినంత మాత్రాన పాత్ర పుట్టదు. వంటింట తెలుగు, సంతలో తమిళం పలికే అవ్వ కోపం వచ్చినప్పుడు ఏ భాషలోకి మళ్లుతుందో గమనించాలి. అయితే సరిహద్దు బడి పిల్లలను కథ రాయమంటే తామెన్నడూ చూడని గోదావరి గట్టున పాత్రలను నిలబెడతారు. ఇంటి మాట తప్పు తెలుగని ఎవరో చెప్పి ఉంటారు.

ఉపాధ్యాయులకు ఒక్క విన్నపం. అటువంటి మాట కింద ఎర్రసిరా గీత గీసేముందు, దాని అర్థమేమిటో ఆ పిల్లవాణ్ణే అడగండి.