ఇంటి యంత్రములో దాగిన వేగు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఈ శుభసమయమున ప్రాచీన సాహిత్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మిత్రులు కోరిరి. నేను మాత్రము మన ఇండ్లలోని కంప్యూటరులందు దాగియుండు వేగులవానిని గూర్చి చెప్పదలచితిని. వానినే ఆంగ్లమున స్పైవేరు అందురు. ఈ విషయమునకును సాహిత్యమునకును సంబంధమేమని శంకింపవలదు. సంబంధము చక్కగా కలదు.

విశాఖదత్తుని ముద్రారాక్షస నాటకము చదివినవారికి నిపుణకుడు జ్ఞాపకముండును. అతడు చాణక్యుని వేగు. యమపటమును చేతబూని, పాటలు పాడుచు ఇంటింటికి తిరుగు భిక్షుకుని వేషమున పాటలీపుత్రములో సంచరించెను. రత్నవర్తకుడైన చందనదాసుని ఇంట పటము పరచి పాడుచుండగా, ఒక పసిబాలుడు వేడుక చూడ వెలుపలికి రాబోయెను. వానిని పట్టుకొనుటకు లోనుండి చేయి చాచిన స్త్రీ వ్రేలినుండి ఉంగరము జారి నిపుణకుని పాదములయొద్దకు దొర్లెను. అది రాక్షసమంత్రి ముద్రిక. ఇంటివారెవరును గమనింపలేదు. చాణక్యుడు ఆ ముద్రికతోనే ఒక కూటలేఖకు ముద్ర వేయించెను. ఆ లేఖ రాక్షసుని యత్నములన్నిటిని కూలద్రోసెను.

చూచితిరా! తలుపు పగులగొట్టలేదు, గోడకు కన్నము వేయలేదు. వేడుక చూడ గోరి ఇంటివారే వాకిలి తెరచిరి. పోయినది ఉంగరమే, కాని దానితోపాటు పరుల పేర సంతకము చేయు అధికారము పోయినది. స్పైవేరు పని సరిగా ఇదియే. మన కంప్యూటరులోని రహస్యపదము, అనగా పాస్‌వర్డు, మన ముద్రిక. అది పరుల చేతబడినచో వారు మన పేర బ్యాంకునకు ఆజ్ఞలు పంపగలరు, మన బంధువులకు జాబులు వ్రాయగలరు.

స్పైవేరు చేయు పనులు పెక్కు. మనము నొక్కిన ప్రతి మీటను వ్రాసికొనును. తెరపై కనబడు దానిని చిత్రము తీయును. బ్రౌజరులో దాచిన రహస్యపదములను దొంగిలించును. కొన్ని జాతులు కెమెరాను, మైకును సైతము వశపరచుకొనును. సేకరించిన దానినంతయు ఇంటర్నెట్టు మార్గమున తన యజమానికి చేరవేయును.

మన గన్నవరము ప్రాంతమున పెక్కు కుటుంబముల బిడ్డలు దూరదేశములందున్నారు. వృద్ధులైన తల్లిదండ్రులు వారి ముఖములు చూచుటయు, పింఛను లెక్క చూచుకొనుటయు, అడంగలు నకలు తీసికొనుటయు ఒకే యంత్రముపై జరుగుచున్నవి. ఒక్క వేగు ప్రవేశించినచో ఇంటి ధనము, భూమి వివరము, మనుమరాలి ఛాయాచిత్రము అన్నియు ఒక్కసారిగా పరులకు బయలుపడును.

ఇక వీడు ఏ వేషమున వచ్చును? వెలపెట్టి కొనవలసిన ప్రోగ్రామునకు ఉచితముగా దొరకు దొంగప్రతి మొదటి వేషము. మన డి.టి.పి. పనివారును, విద్యార్థులును దీనియెడల మిక్కిలి జాగరూకులై యుండవలెను. కరెంటు బిల్లనియో, పన్ను వాపసనియో పేరుపెట్టుకొని ఈమెయిలు వెంట వచ్చు జాబితా రెండవ వేషము. ఊరక దొరికిన పెన్‌డ్రైవు మూడవది. “మీ యంత్రమునకు తెగులు సోకినది, ఈ నంబరునకు ఫోను చేయుడు” అని తెరపై బెదరించు పెట్టె నాలుగవది. అట్లు ఫోను చేసినచో, దూరమునుండి యంత్రమును నడపు ప్రోగ్రామును మనచేతనే పెట్టింతురు. ఎనీడెస్కు అనునది న్యాయమైన పనులకు ఏర్పడిన ప్రోగ్రామే. దానిని అడ్డుపెట్టుకొని జరుగు మోసములను గూర్చి 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు హెచ్చరించెను. కత్తి మంచిదే, ఎవరిచేత నున్నదనునదియే ప్రశ్న.

వేగును కనిపెట్టుట యెట్లు? యంత్రము మందగించుట, బ్రౌజరు మొదటి పుట దానంతట మారుట, రక్షణ ప్రోగ్రాము దానంతట ఆగిపోవుట, మనము కోరకయే ఓ.టి.పి. సందేశములు వచ్చుట అనుమానమునకు తావిచ్చు గుర్తులు. అయినను గుర్తులు లేనంత మాత్రమున వేగు లేడని నిశ్చయింపరాదు. మంచి వేగు సడి చేయడు.

నేను లెక్కలు వ్రాయు వృత్తిలోనివాడను. చిట్టాలోని ప్రతి పద్దునకు ఓచరు ఉండవలెననునది మా వృత్తిధర్మము. ఓచరు లేని పద్దు దొంగదని వెంటనే అనము. కాని విచారింపక వదలము. కంప్యూటరును సైతము ఇట్లే తనిఖీ చేయవచ్చును. విండోసు యంత్రములో సెట్టింగులు తెరచి, యాప్సు అను చోట ఇన్‌స్టాల్డ్ యాప్సు జాబితా చూడుడు. ప్రతి పేరునకు ఎదుట ఎవరు పెట్టిరి, ఎందుకు పెట్టిరి అని కాగితముపై వ్రాయుడు. తరువాత కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలను ఒక్కమారుగా నొక్కినచో టాస్కు మేనేజరు తెరచుకొనును. అందలి స్టార్టప్ జాబితాలో యంత్రముతోపాటు మేల్కొను ప్రోగ్రాములు కనబడును. బ్రౌజరులోని ఎక్స్‌టెన్షనుల జాబితాయు చూడవలెను. కెమెరాను, మైకును ఏ ప్రోగ్రాములు వాడుకొన్నవో సెట్టింగులలోని ప్రైవసీ భాగమున తెలియును. నలుగురు వాడు యంత్రమైనచో వెనుకవైపున కీబోర్డు తీగ చేరు చోటును గమనింపుడు. తీగకును పెట్టెకును నడుమ అపరిచితమైన చిన్న బిళ్ళ యున్నచో, అది మీటలను వ్రాసికొను పరికరము కావచ్చును.

ఓచరు దొరకని పేరును చూచి తొందరపడి తొలగింపవలదు. యంత్రము నడచుటకు అవసరమైన ప్రోగ్రాములకును వింత పేర్లుండును. తెలిసినవారిని అడిగి నిర్ధారించుకొనుడు.

వేగు ఉన్నాడని తోచినచో చేయవలసిన పనులకు ఒక క్రమము కలదు. మొదట ఇంటర్నెట్టు సంబంధమును తెంచుడు. వార్తలు మోయు దారి మూతబడును. ఆ యంత్రముపై ఏ రహస్యపదమును కొట్టవలదు. ధనము పోయినచో బ్యాంకునకు తెలిపి, ఆలస్యము లేక 1930 నంబరునకు ఫోను చేయుడు. ధనము పోయినను, పరిచయస్థులే దురుద్దేశముతో వేగును పెట్టిరని తోచినను, దేనిని తుడిచివేయక పోలీసువారికి చూపుడు, అది సాక్ష్యము. అట్టిది లేనిచో మీ పత్రములను, ఛాయాచిత్రములను వేరొక చోట భద్రపరచి, అనుమానపు ప్రోగ్రామును తొలగింపుడు. పిమ్మట విండోసు సెక్యూరిటీలో ఆఫ్‌లైను స్కాను నడపుడు. అది యంత్రమును ఆపి, విండోసు మేల్కొనకముందే పరీక్ష చేయును గనుక, దాగిన వేగునకు తప్పించుకొనుట కష్టము. భారత ప్రభుత్వము 2017 ఫిబ్రవరిలో నెలకొల్పిన సైబర్ స్వచ్ఛతా కేంద్రమువారును ఇందుకు ఉపకరణములను ఉచితముగా ఇచ్చుచున్నారు.

అన్నిటికంటె ముఖ్యమైనది, పలువురు మరచునది, చివరి పని. వేగును వెడలగొట్టినను ఉంగరము వాని యొద్దనే యున్నది. కావున శుభ్రమైన వేరొక యంత్రమునుండి రహస్యపదములన్నిటిని మార్చవలెను. ముందు ఈమెయిలు, తరువాత బ్యాంకు, పిమ్మట తక్కినవి. అన్ని యంత్రములనుండి సైన్ అవుట్ చేయు మీటను నొక్కుట మరువరాదు. పాత ముద్రిక చెల్లదని చాటినప్పుడే తొలగింపు పూర్తి యగును.

ఇంతయు చేసినను అనుమానము తీరనిచో విండోసును మొత్తము తుడిచి మరల వేయించుట ఉత్తమము. నిపుణులకును ప్రతిసారి నిశ్చయము దొరకదు. 2021 జులైలో పెగాసస్ అను స్పైవేరు పెక్కుమంది ఫోనులలో చేరెనను ఆరోపణలు దేశమును కలవరపెట్టినవి. ఉమ్మడి కృష్ణాజిల్లాలోని పొన్నవరమున జన్మించిన జస్టిస్ నూతలపాటి వెంకటరమణగారు అధ్యక్షులుగా నున్న అత్యున్నత న్యాయస్థానపు ధర్మాసనము, 2021 అక్టోబరు 27న విచారణకు నిపుణుల సంఘమును నియమించెను. ఆ సంఘము పరీక్షించిన 29 ఫోనులలో 5 ఫోనులందు హానికర ప్రోగ్రాము కనబడెను. అది పెగాససే యని నిర్ధారణ కాలేదని 2022 ఆగస్టులో న్యాయస్థానమున వెల్లడియయ్యెను. కావున రాకముందే వాకిలి కాచుకొనుట మేలు. దొంగప్రతులను వాడవలదు. సవరణలను ఎప్పటికప్పుడు వేసికొనుడు. విండోసు 10కి భద్రతా సవరణలను సామాన్యముగా పంపుట 2025 అక్టోబరు 14తో ముగిసినది గనుక, అది యున్నవారు మార్చుకొను యత్నము చేయుదురుగాక.

“దాచుటకు మాయొద్ద ఏమున్నది?” అని కొందరందురు. ఇంటికి తలుపు పెట్టుకొనువారందరు నేరస్థులా? గోప్యత పౌరుని ప్రాథమిక హక్కు అని తొమ్మిదిమంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. గ్రంథాలయమువారికి ఇది క్రొత్త ధర్మము కాదు. ఏ చందాదారుడు ఏ పుస్తకము తీసికొనెనో ఊరిలో చాటుట మర్యాద కాదు గదా! రోగమును గూర్చి చదువుకొను స్త్రీయు, అప్పుల చట్టమును గూర్చి చదువుకొను రైతును పరుల చూపు తమపై లేదను ధైర్యముతోనే పుట త్రిప్పుదురు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో సమావేశమైన గ్రంథాలయోద్యమ పెద్దలు ప్రతి గ్రామమునకు పుస్తకము చేరవలెనని కోరిరి. ఆ పుస్తకము నేడు యంత్రపు తెరపైకి వచ్చినది. తెరముందు కూర్చున్న పాఠకుని ఏకాంతమును కాపాడుట మన బాధ్యత.

కావున నా మనవి యొక్కటే. ప్రతి మాసము మొదటి ఆదివారమున, ఇంటి జమాఖర్చులు చూచుకొనునప్పుడు, అరగంటసేపు కంప్యూటరు జాబితాలను కూడ తనిఖీ చేయుడు. తెలియని వృద్ధులకు చదువుకొన్న యువకులు ఈ గ్రంథాలయముననే సాయపడుదురుగాక.