ఎత్తడం సులువే, నిలబెట్టడమే పని
(వార్షిక సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఉపన్యాసాలు ఇచ్చే అలవాటు లేదు. ఇంటర్మీడియట్ కాగానే ఫౌజులో చేరి, ఇ.ఎం.ఇ.లో వెహికల్ మెకానిక్‌గా మొదలై, నాయబ్ సుబేదార్‌గా దిగినవాణ్ని. మా కోర్ 1943లో ఏర్పడింది. ఏటా అక్టోబరు 15న కోర్ డే చేసుకుంటాం. మా నినాదం ‘కర్మ హి ధర్మ’. అంటే మాది మాటల కోర్ కాదు, పానాల కోర్. అయినా కార్యదర్శిగారు వదల్లేదు. “సాబ్, పర్సుడీహ్‌లో మీ ఇంట్లో కారు లిఫ్టు మీద బుల్లెట్లు ఎక్కిస్తున్నారట, అదేదో మనవాళ్లకి చెప్పండి” అన్నారు. సరే, తెలిసింది చెబుతాను.

అసలు ఈ అవసరం ఎందుకొచ్చింది? సైన్యానికి సరిహద్దు గస్తీకి మోటారుసైకిళ్లు కావలసి రావడం వల్లే 1955లో మద్రాసులో బుల్లెట్ తయారీ మొదలైంది. అందుకే ఫౌజీకి ఆ బండి అంటే ప్రాణం. ఇక్కడున్న పెద్దల్లో చాలామంది ఇళ్లలో పాత బుల్లెట్ ఉండే ఉంటుంది. కానీ దాని చెయిన్ చూడాలన్నా, ఇంజను ఆయిలు దించాలన్నా నేల మీద గొంతుకు కూర్చోవాలి. ఎత్తు ప్రదేశాల్లో, చలిలో ఏళ్లతరబడి బరువులు మోసిన మోకాళ్లవి. మన మోకాళ్లు రిటైరయ్యాయి గాని చేతులు రిటైరు కాలేదు. పని వచ్చిన చేతులు మోకాళ్ల కోసం ఊరుకోవడం నాకు నచ్చలేదు.

మూతపడిన ఒక వర్క్‌షాపు నుంచి సెకండ్ హ్యాండ్‌లో సిజర్ లిఫ్టు ఒకటి కొని నా గ్యారేజీలో పెట్టుకున్నాను. కత్తెరలా మడతపడి లేచే రకం. దాని కెపాసిటీ మూడు టన్నులు. బుల్లెట్ బరువు సుమారు 190 కిలోలు. చూసినవాళ్లంతా “మూడు టన్నులు లేపేదానికి ఇదో లెక్కా?” అన్నారు. ప్రమాదం అంతా ఆ మాటలోనే ఉంది.

మా ప్రాంతంలోనే రోడ్డు పక్క షెడ్డు ఒకటుంది, పేరు అనవసరం. అక్కడ రెండు స్తంభాల కారు లిఫ్టు చేతుల మీద ఒక చెక్క పరిచి, మోటారుసైకిల్ని సైడ్ స్టాండు మీద పెట్టి పైకి లేపారు. వెనక చక్రం నట్టు రాకపోతే పానాకి పైపు తొడిగి లాగారు. బండి ఒరిగి కింద ఉన్న కుర్రాడి పాదం మీద పడింది. ఇరవై ఏళ్లు లేవు వాడికి. లిఫ్టుకి ఏమీ కాలేదు, చెక్కా విరగలేదు. బరువు ఎక్కువై జరిగింది కాదది.

కారుకి నాలుగు చక్రాలు. దాని బరువు ఆ నాలుగింటి మధ్యన పడుతుంది గనక ఎక్కడ పెట్టినా తనంతట తాను నిలబడుతుంది. మోటారుసైకిలుకి రెండే చక్రాలు, అవీ ఒకే గీతలో. నేలను ఆనేది నాలుగు వేళ్ల వెడల్పు. కాబట్టి కారు లిఫ్టుని మోటారుసైకిలుకి అనువుగా మార్చడం అంటే ఎత్తే ఏర్పాటు కాదు, నిలబెట్టే ఏర్పాటు. నేను చెప్పదలచుకున్నది ఈ ఒక్క ముక్కే. మిగతాదంతా దీని వివరమే.

సిజర్ లిఫ్టుకి రెండు డెక్కులు, మధ్యలో ఖాళీ ఉంటాయి. బండిని ఒకే డెక్కు మీద పెడితే బరువంతా ఒక పక్కకే పోతుంది, అది కూడదు. నేను రెండు డెక్కుల మీదుగా అడ్డంగా రెండు 100 ఎం.ఎం. చానెళ్లు వేయించాను. వాటి మీద నిలువుగా రెండు 75 ఎం.ఎం. చానెళ్లు, ఆపైన 5 ఎం.ఎం. చెకర్డ్ ప్లేటు. బల్ల పొడవు 220 సెంటీమీటర్లు, వెడల్పు 60. ఖర్కై నది అవతల ఆదిత్యపూర్‌లో ఇలాంటివి చేసే ఫ్యాబ్రికేషన్ షెడ్లకు కొదవ లేదు. బల్ల బరువు వంద కిలోల పైచిలుకు. బండితో కలిపి మూడు వందలు, కెపాసిటీలో పదో వంతు.

లిఫ్టు మీద మాత్రం వెల్డింగు చేయనివ్వలేదు, రంధ్రం కూడా వేయనివ్వలేదు. వేడి తగిలితే ఇనుము గుణం మారుతుంది, పైగా రేపు కారు ఎక్కించాలి. డెక్కు అంచుని పైన చానెలు, కింద పట్టీ మధ్య ఇరికించి బోల్టులతో బిగించాం. పూర్తిగా దించినప్పుడు ఆ పట్టీలు నేలకి, కత్తెర కాళ్లకి తగలకుండా చూసుకున్నాం. మీరు చేయించేటట్లయితే ముందు లిఫ్టు కంపెనీవాళ్లని అడగండి. రెండు స్తంభాల లిఫ్టు ఉన్నవాళ్లకి నా సలహా, ఆ చేతుల మీద ఏమీ పరచవద్దు. అవి పక్కకి తిరిగే చేతులు. విడిగా మోటారుసైకిల్ బల్ల కొనుక్కోండి.

బల్ల ముందు భాగంలో ముందు చక్రాన్ని పట్టే క్లాంపు, నాలుగు మూలల్లో పట్టీలు తగిలించే కొక్కేలు ఉండాలి. వెనక చక్రం కిందికి దిగేలా ప్లేటులో ఊడదీసే ముక్క ఒకటి ఉండాలి. లిఫ్టు పూర్తిగా దించినా బల్ల నేలకి 28 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, కనుక ర్యాంపు 180 సెంటీమీటర్లకి తగ్గకూడదు. బండితోపాటు నడిచే మనిషికి అడుగు పెట్టే చోటు కూడా కావాలి. చాలామంది మరిచేది ఇదే. పక్కన ఒక అడుగు వెడల్పున మెట్టు బల్ల వేయండి. ఇంజను స్టార్టు చేసి ఎక్కించవద్దు, ఇద్దరు తోయండి.

ఇక పని విధానం. ఎం.టి.లో మనం బండికి ఫస్ట్ పరేడ్, హాల్ట్ పరేడ్, లాస్ట్ పరేడ్ చేసేవాళ్లం గుర్తుందా? లిఫ్టుకీ అవే మూడు.

ఫస్ట్ పరేడ్ లేపకముందు. హైడ్రాలిక్ గొట్టాలు, బోల్టులు చూడండి. బిగుసుకున్న నట్లు ఏవైనా ఉంటే బండి కింద ఉండగానే వదులు చేయండి. బ్యాటరీ వైరు తీయండి, పెట్రోలు కారడం లేదని చూసుకోండి. పట్టీలు హ్యాండిల్‌కి కాదు, ఫోర్కు కింది టీకి వేయాలి. ముందుకీ పక్కకీ లాగేలా, రెండు పక్కలా సమానంగా. ఫోర్కు సగం దిగితే చాలు. పూర్తిగా అణిచేస్తే ఆయిల్ సీళ్లు పోతాయి. వెనక రెండు పట్టీలు ఫ్రేముకి. సైడ్ స్టాండుని నమ్మవద్దు.

హాల్ట్ పరేడ్ పైన ఉండగా. ఒక అడుగు లేపి ఆపండి, బండిని చేత్తో ఊపి చూడండి. కావలసిన ఎత్తుకి వెళ్లాక లాకు పళ్ల మీదకి దించండి, రెండు వైపులా ‘టక్’ మనాలి. లోడు ఇనుప పళ్ల మీద ఉండాలి, ఆయిలు మీద కాదు. సీలు ఎప్పుడైనా పోవచ్చు. చక్రమో ఇంజనో తీస్తే బరువు జాగా మారుతుంది. కనుక తీయకముందే ఫ్రేము కింద జాకీ పెట్టి, పట్టీలు మళ్లీ బిగించాలి.

లాస్ట్ పరేడ్ దించేటప్పుడు. కింద ఎవరూ లేరని చూసి, పిల్లల్ని దూరంగా పంపి దించండి. తక్కువ లోడుతో కొన్ని లిఫ్టులు నెమ్మదిగా దిగుతాయి. తొందరపడి పైనుంచి తొక్కవద్దు.

బల్ల తయారయ్యాక మొదట బండి ఎక్కించలేదు. మూడు వందల కిలోల ఇసుక బస్తాలు పెట్టి, లాకు మీద రాత్రంతా ఉంచి, తెల్లారి కొలిచి చూశాం. కదల్లేదు. ఆ తర్వాతే బుల్లెట్ ఎక్కింది. ఇప్పుడు ఇరుసు నడుము ఎత్తుకి వస్తుంది, నిలబడే పని చేసుకుంటున్నాను. మా వీధిలో మోకాలు ఆపరేషన్ అయిన రిటైర్డ్ హవల్దార్ ఒకాయన బండి అమ్మేద్దామనుకున్నవాడు, ఇప్పుడు ప్రతి నెలా వచ్చి తన చేత్తో చెయిన్ సర్దుకుని వెళుతున్నాడు.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లకి ఒక మాట. రేపు ఇంటికొచ్చి వర్క్‌షాపు పెట్టుకునేవాళ్లు మీలో ఉంటారు. యూనిట్‌లో సేఫ్టీ చూసే ఆఫీసరు ఉంటాడు, ఇంట్లో ఎవరూ ఉండరు. ఆ ఆఫీసరు మీరే కావాలి. మీ దగ్గర పనికి చేరే కుర్రాడి పాదం మీ పూచీ. ఎవరికైనా బల్ల కొలతలు కావాలంటే సభ అయ్యాక కలవండి, కాగితం మీద గీసి ఇస్తాను.

జైహింద్.