ఈతకొలని జీర్ణోద్ధరణము

(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ముప్పది యైదేండ్లు బడిపిల్లల నడుమ కాలము గడపిన మా వంటివారికి సభావేదిక యెక్కినపుడు విద్యను గుఱించియే చెప్పవలెనని తోచుట సహజము. నేడును మేము విద్యను గుఱించియే చెప్పబోవుచున్నాము. కాని యది పుస్తకములలో దొరకు విద్య కాదు. నీట మునుగక తేలు విద్య. మన విద్యార్థి వసతిగృహపు టావరణమున పెద్దలు కట్టించి యిచ్చిన యీతకొలను గోడలు బీటలువాఱి, మోటారు మూలబడి, వచ్చు వేసవికి తెఱవబడునో మూయబడునో తెలియని స్థితిలో నున్నది. దానిని బాగుచేయించుటకు వలయు ధనమును గుఱించి తమకు కొన్ని మాటలు విన్నవింతుము.

మనది గోదావరి డెల్టా. ధవళేశ్వరపు టానకట్ట 1852వ సంవత్సరమున పూర్తియైనది మొదలు మన యూళ్ల బ్రతుకంతయు కాలువల వెంబడి నడచుచున్నది. మన తాతలకును తండ్రులకును ఈత నేర్పిన గురువు కాలువయే. ఎండిన సొరకాయబుఱ్ఱయో, అరటిబోదెయో ఆధారముగా గొని, రేవుమెట్లు దిగి, కొలది దినములలోనే ఆవలి యొడ్డు ముట్టి వచ్చెడివారు. కాని కాలువ కొక నియమము కలదు. దాళ్వాపంట చేతికి వచ్చిన పిమ్మట వేసవిలో కాలువలను కట్టివేయుదురు. పూడిక తీయుట, గట్లు వేయుట, లాకులను తలుపులను మరమ్మతు చేయుట ఆ దినములలోనే జరుగును. మరల సార్వాకు నీరు వదలుదురు. బడులకు సెలవు లిచ్చుటయు ఆ దినములలోనే. కాలువ కట్టుబడినది, బడి మూతపడినది, ఎండ మండుచున్నది. అట్టి సమయమున మన కొలను కూడ మూతపడినచో పిల్లలు ఎచ్చటికి పోవుదురు?

ఇంట గూర్చుందురని యెవ్వరును తలంపవలదు. వారు గోదావరికి పోవుదురు. ఏటిపాయలో నీరు మోకాటిలోతుగా కనబడును. ఇసుక త్రవ్విన చోట నిలువులోతు గుంట యుండును. పైనుండి చూచువానికి రెంటికిని భేదము తెలియదు. వానలకు నిండిన మట్టిగుంటలును, చేపలచెఱువులును ఇట్టివే. ఒకడు మునుగుచుండ వానిని రక్షింపబోయి మఱొకడు, ఆ యిరువురకై వేఱొకడు, ఇట్లు నేస్తులందఱు ఒక్కమాఱే ప్రాణములు గోల్పోయిన వార్తలు వేసవిలో ఏటేట పత్రికలయందు చదువుచునే యున్నాము. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2024 డిసెంబరులో ప్రకటించిన నివేదికను బట్టి 2021వ సంవత్సరమున ప్రపంచమున సుమారు 3,00,000 మంది నీట మునిగి మరణించిరి. వారిలో దాదాపు సగము మంది 29 యేండ్లకు లోబడినవారు. మన దేశమున జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారము ఇటీవల ఏటేట 30,000 మందికి పైగా ఇట్లు చనిపోవుచున్నారు. ఈ యాపదను తగ్గించుటకు ఆరోగ్యసంస్థ చెప్పిన యుపాయములలో బడియీడు పిల్లలకు ఈతయు, నీటివద్ద మెలగవలసిన జాగ్రత్తయు నేర్పుట యొకటి. కావున మన కొలను విలాసస్థానము గాదు. అది యొక పాఠశాల.

అయితే పాఠశాల యని పేరు పెట్టి పాడుపడిన కొలనిలోనికి పిల్లలను దింపుట యింకను అపాయకరము. 2024వ సంవత్సరమున కేరళదేశమున వెచ్చని మురికినీటిలో బ్రతుకు అమీబా యను సూక్ష్మజీవి ముక్కుద్వారా మెదడునకు పాకి కొందఱు పిల్లలు మృతిచెందిరి. క్లోరిను సరిగా వేసి, వడపోత సరిగా జరిపిన నీటిలో అట్టి భయము మిక్కిలి తక్కువ. స్వేచ్ఛాక్లోరిను లీటరు నీటికి 1 మిల్లీగ్రామునకు తగ్గరాదు. నీటి పీహెచ్ 7.2కును 7.8కును నడుమ నుండవలెను. ఎండకు క్లోరిను త్వరగా విఱిగిపోవును గనుక వేసవిలో నాటికి రెండు మూడు మాఱులైనను నీటిని పరీక్షింపవలెను. పంపు నడువనిది వడపోత లేదు. వడపోత లేనిది క్లోరిను ఎంత వేసినను ఫలము లేదు. కాబట్టి మోటారు మరమ్మతును వెనుకకు నెట్టి గోడలకు రంగు వేయించుట తలనొప్పికి కాలికి కట్టు కట్టుట వంటిది.

ఇక బీటల సంగతి. దృష్టాంతమునకు 25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, సగటున 1.2 మీటర్ల లోతు గల కొలనిని తీసికొనుడు. అందు 3,00,000 లీటర్ల నీరు పట్టును. బీటలవలన దినమునకు 5 సెంటీమీటర్ల నీరు దిగిపోయినచో అది 12,500 లీటర్లు. తొంబది దినముల వేసవిలో 11,25,000 లీటర్లు. అనగా కొలను మూడుమాఱులకు పైగా నిండు నీరు నేలపాలగును. ఎండకే నీరు తగ్గినదని కొందఱు సమాధానము చెప్పుకొందురు. దానిని తేల్చుటకు ఖర్చు లేని పరీక్ష యొకటి కలదు. ఒక బొక్కెనలో నీరు నింపి కొలని మెట్టుపై నిలిపి, బొక్కెనలోని నీటిమట్టమును కొలనిమట్టమును గుర్తుపెట్టి, పంపు నాపి, ఒక దినము విడువవలెను. ఎండకు రెండును సమముగా తగ్గును. కొలను అంతకంటె నెక్కువ తగ్గినచో ఆ యెక్కువ బీటలపాలైనది. మన కార్యదర్శిగారు ఈ పరీక్ష చేయించి ఫలితమును నోటీసుబోర్డున పెట్టించినచో దాతలకు నమ్మకము కలుగును.

మన పూర్వులు ఈ విషయమున మనకంటె జాగరూకులు. బావులు, చెఱువులు, తోటలు ప్రజలకై నిర్మించుటను శాస్త్రములు పూర్తధర్మ మన్నవి. సప్తసంతానములలో తటాక మొకటి. కన్నకొడుకువలెనే త్రవ్వించిన చెఱువును పేరు నిలుపునని దాని భావము. విజయనగర ప్రభువగు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కడపమండలమున పోరుమామిళ్ల చెఱువును నిర్మించి, క్రీ.శ. 1369 ప్రాంతమున వేయించిన సంస్కృతశాసనమున మంచి చెఱువునకు పండ్రెండంగములును, వర్జింపదగిన ఆఱు దోషములును చెప్పబడినవి. జలశాస్త్ర మెఱిగిన విద్వాంసుడు అంగములలో నొకడు. కట్టనుండి నీరూరిపోవుట దోషములలో నొకటి. అంతియకాదు. తెలుగునాట చెఱువుల సంరక్షణమునకై దశబంధ మను మాన్యము లిచ్చెడివారు. ఆ భూమి ననుభవించువాడు చెఱువును చూచుకొనుచుండవలెను. అనగా త్రవ్వించుటతోనే పుణ్యము ముగిసినదని వారు తలంపలేదు. నిలుపుకొనుటకును ఆదాయమార్గము నేర్పఱచిరి. మన మన్ననో, కొలను కట్టించిన దినమున శిలాఫలకము వేసితిమి గాని దశబంధమును ఏర్పఱుపలేదు. నేటి యీ దుస్థితికి మూలకారణ మిదియే.

కావున మేము రెండు నిధులను ప్రతిపాదించుచున్నాము. మొదటిది మరమ్మతునిధి. ఇది ఒక్కమాఱు సేకరింపవలసినది. బీటలు, పలకలు, గొట్టములు, మోటారు, వడపోతతొట్టి బాగుచేయుటకు వినియోగింపవలసినది. రెండవది శాశ్వతనిధి. దీని మొదలును బ్యాంకునం దుంచి ముట్టరాదు. వడ్డీతో మాత్రమే విద్యుత్తు, క్లోరిను, ఈతగురువు జీతము, లైఫ్‌గార్డు జీతము నడువవలెను. లైఫ్‌గార్డు లేని పూట కొలని తలుపు తెఱవరాదు. పెద్దదాతలు తలచినచో మొదటి నిధి ఈ సభలోనే నిండును. రెండవది మాత్రము అందఱి చేతులమీదుగా పెరుగవలెను. 500 కుటుంబములు నెలకు 100 రూపాయల చొప్పున ఇచ్చినచో సంవత్సరమునకు 6,00,000 రూపాయలగును. పెండ్లిపందిరిలో ఒక పూల తోరణమునకు మన మిచ్చునది దీనికంటె నెక్కువ.

కాలమును గుఱించి యొక మాట. ప్రభుత్వమువారు కాలువను దాని తీరికకాలమగు వేసవిలో బాగుచేయుదురు. కొలనికి తీరికకాలము శీతకాలము. ఇప్పుడు కార్తికమాసము, మొన్ననే వనసమారాధనలో కలిసికొంటిమి. ఇప్పుడు ధనము సమకూడినచో ఉగాదినాటికి పని ముగియును. మాఘఫాల్గుణముల దాక తాత్సారము చేసినచో చైత్రవైశాఖములలో మేస్త్రీలు కొలనిలోను, పిల్లలు గోదావరిలోను ఉందురు. మఱియొక జాగ్రత్త: మన డెల్టాలో భూమిలోని నీరు మిక్కిలి పైననే యుండును. తొట్టిని తొందరపడి ఖాళీచేసినచో క్రిందినీటి యొత్తిడికి అడుగు పైకి లేచి పగులవచ్చును. ఇంజనీరు నడుగక ఒక బొక్కెనయైనను తోడరాదు.

కొందఱు మిత్రులు మనసంఘపు సొమ్ముతో కట్టిన కొలని కితరుల పిల్లలేల యని మా యొద్ద ననిరి. వారియెడ మాకు గౌరవము కలదు. కాని వారి మాటతో మే మేకీభవింపజాలము. 1927వ సంవత్సరము మార్చి 20వ తేదీన అంబేద్కరు మహాశయుడు మహద్ పట్టణమున చౌదారు చెఱువు నీరు త్రాగుటకు వేలమందితో నడచి పోవలసివచ్చెను. ఊరిచెఱువునందు తోడి మనుజునకు నీరు లేదన్న దేశమున మనమును మఱియొక గోడ కట్టవలెనా? వసతిగృహపు గోడ కావలనున్న వీథిలోని బిడ్డ మునిగిన నాడు ఏ కులమువాడని యడిగి కన్నీరు పెట్టము గదా! తగు రుసుముతో అందఱి పిల్లలను చేర్చుకొన్నచో కొలనికి ఆదాయమును, సంఘమునకు కీర్తియు పెరుగును. అట్లే ఆడపిల్లలకు ప్రత్యేకముగా పూటయు, స్త్రీ శిక్షకురాలును ఏర్పడవలెను. రేవులో బట్టలుతుకుచు కాలుజాఱు నామెకు ఈత రాకున్నను ఫరవాలేదని యే శాస్త్రమును చెప్పలేదు.

దాతలారా! క్రొత్త కట్టడమునకు పేరు చెక్కించుకొనుట సులభము. పాతదానిని నిలువబెట్టినవాని పేరు గోడమీద కనబడదు. అయినను జీర్ణోద్ధరణము నిర్మాణమునకు తీసిపోని ధర్మమని పెద్దల మతము. ఈ సభ ముగియుటకు ముందే కోశాధిపతిగారి బల్లయొద్ద చందాపుస్తకము తెఱవబడియుండును. శక్తికొలది తమ పేరును, మొత్తమును అందు వ్రాయుడు. వ్రాసిన ప్రతిరూపాయికిని జమాఖర్చు వచ్చు సంవత్సరపు సంచికయందు అచ్చుపడవలెనని కార్యవర్గమువారిని ఈ వేదికనుండియే కోరుచున్నాము. మేమును మా పింఛనునుండి ఒక నెల మొత్తమును ఆ పుస్తకమున మొదట వ్రాసి కూర్చుందుము. తక్కిన పుటలు తమవి.

స్వస్తి.