నాయకుల సమాధులు, ఊరి వల్లకాడు



పొల్లాచ్చి, ఉడుమలైప్పేట, కోయంబత్తూరు ప్రాంతాలలో తెలుగు కుటుంబాలు విజయనగర, మదుర నాయకరాజుల కాలం నుండి నివసిస్తున్నాయి. కమ్మవారు, బలిజలు, రాజకంబళ నాయకులు, తెలుగు ఇంటిభాషగా గల అరుంధతీయులు ఈ నేలను సాగుచేశారు, ఊళ్లు నిలబెట్టారు, చివరకు ఈ మట్టిలోనే కలిసిపోయారు. ఇటీవల ఉద్యోగాల కోసం, వ్యాపారాల కోసం వచ్చిన తెలుగువారికి అద్దె ఇల్లు, పిల్లల బడి మొదటి చింతలు. ఇంట్లో ఒక పెద్ద ప్రాణం పోయిన నాడు అంతకుముందు ఎన్నడూ ఎదురుకాని ప్రశ్న ఒకటి వాకిట నిలుస్తుంది: ఎక్కడికి తీసుకువెళ్లాలి?

ఈ ప్రశ్న సామాన్యులకు మాత్రమే ఎదురైనది కాదు. ఈ నేలను ఏలినవారికీ, ఎన్నికలలో గెలిచినవారికీ ఎదురైంది. వారికి నేల ఎక్కడ దొరికింది, ఎవరు ఇచ్చారు అన్న సంగతి తెలిస్తే, ఊరి వల్లకాడు ఎవరిది అన్న విషయం తేటపడుతుంది.

మొదట పాళెగాండ్ర కాలం. పాంచాలంకురిచ్చిని ఏలిన వీరపాండ్య కట్టబొమ్మన రాజకంబళ నాయకుడు; ఆ కుటుంబాల ఇంటిభాష తెలుగు. ఈస్టిండియా కంపెనీవారు ఆయనను 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరితీశారు. తమ్ముడు ఊమైదురైని 1801లో ఉరితీసి, పాంచాలంకురిచ్చి కోటను నేలమట్టం చేశారు. అక్కడి పోరులో మరణించిన ఆంగ్ల సైనికాధికారులకు మాత్రం సమాధులు కట్టించారు. గెలిచినవారికి శిలాఫలకం మిగిలింది. ఓడినవారికి నేల మీద గుర్తే లేకపోయింది. ఆ లోటును తీర్చడానికి నూటడెబ్బై ఏళ్లు పట్టింది. కయత్తారులో నటుడు శివాజీ గణేశన్ స్థలం కొని 1970లో కట్టబొమ్మన విగ్రహాన్ని నెలకొల్పారు. 1974లో తమిళనాడు ప్రభుత్వం పాంచాలంకురిచ్చిలో స్మారక కోటను కట్టించింది. అధికారం సమాధిని నిరాకరించినా, జనం జ్ఞాపకాన్ని వదులుకోలేదు.

ప్రజలు ఓటు వేసి నాయకులను ఎన్నుకొనే కాలం వచ్చాక ఈ కథ మారింది. కొంగునాటిలోని ఈరోడులో బలిజ నాయుడు కుటుంబంలో జన్మించిన ఇ.వి. రామస్వామి, పెరియార్‌గా ప్రసిద్ధుడు కాకముందు ఆ ఊరి పురపాలక సంఘానికి అధ్యక్షుడు. 1919లో ఆ పదవిని వదలి కాంగ్రెసులో చేరారు. తరువాత దాని నుండి కూడా బయటికి వచ్చి ఆత్మగౌరవ ఉద్యమాన్ని నడిపారు. 1973 డిసెంబరు 24న వేలూరులో కన్నుమూసిన ఆయనను చెన్నై వేపేరిలోని పెరియార్ తిడల్‌లో ఖననం చేశారు. అది ఆయన స్థాపించిన ఉద్యమానికి చెందిన స్థలం. ద్రావిడ ఉద్యమ నాయకులలో ఖననం బలపడడానికి ఒక కారణం స్పష్టమే. చితాభస్మం ఏటిలో కలిసిపోతుంది. సమాధి అయితే అనుచరులు ఏటేటా వచ్చి నిలబడడానికి ఒక చోటుగా మిగులుతుంది.

మదుర వైపు చూస్తే ఇటీవలి ఉదాహరణ విజయకాంత్. మదురలో 1952లో తెలుగు కుటుంబంలో పుట్టి, తమిళ చలనచిత్ర నటుడిగా పేరుపొంది, సొంత పార్టీ పెట్టి, 2011లో తమిళనాడు శాసనసభలో ప్రతిపక్ష నాయకుడయ్యారు. 2023 డిసెంబరు 28న మరణించిన ఆయనను మరునాడు ప్రభుత్వ లాంఛనాలతో కోయంబేడులోని పార్టీ కార్యాలయ ప్రాంగణంలోనే ఖననం చేశారు. నేటికీ అక్కడికి జనం వస్తూనే ఉన్నారు.

సమాధి స్థలం కోసం న్యాయస్థానం తలుపు తట్టవలసి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. 2018 ఆగస్టు 7న మాజీ ముఖ్యమంత్రి కరుణానిధి మరణించినప్పుడు, ఆయన గురువు అన్నాదురై సమాధి ఉన్న మెరీనా తీరంలోనే చోటు ఇవ్వాలని పార్టీ కోరింది. ప్రభుత్వం గిండీలో గాంధీ మండపం దగ్గర స్థలం ఇస్తామంది. మద్రాసు హైకోర్టు రాత్రివేళ విచారణ మొదలుపెట్టి, మరునాటి ఉదయం మెరీనాలో ఖననానికి అనుమతించింది.

ఆరేళ్ల తరువాత మరొక తీర్పు వేరే విధంగా వచ్చింది. 2006లో చెన్నై కార్పొరేషన్ సభ్యుడిగా ఎన్నికై, తరువాత బహుజన సమాజ్ పార్టీ రాష్ట్ర అధ్యక్షుడైన కె. ఆర్మ్‌స్ట్రాంగ్ 2024 జూలై 5న హత్యకు గురయ్యారు. పెరంబూరులోని పార్టీ కార్యాలయంలో ఆయనను ఖననం చేయాలని కుటుంబం కోరింది. విజయకాంత్ ఉదాహరణ కూడా వాదనలలో ప్రస్తావనకు వచ్చింది. కార్యాలయం ఉన్నది ఇరుకైన నివాస ప్రాంతమని హైకోర్టు అక్కడ అనుమతి ఇవ్వలేదు. చివరకు తిరువళ్లూరు జిల్లా పోత్తూరులో అంత్యక్రియలు జరిగాయి.

ఈ రెండు తీర్పులను పక్కపక్కన పెట్టి చూసేవారికి సహజంగానే ఒక అనుమానం కలుగుతుంది: పెద్ద పదవి ఉన్నవారికి తీరం, లేనివారికి దూరమా? చట్టం దృష్టిలో మాత్రం విషయం వేరు. ఇళ్ల నడుమ ఖననం చేయరాదన్న నియమం నీటిబావుల కోసం, ఇరుగుపొరుగువారి ఆరోగ్యం కోసం పుట్టింది. అందుకే శ్మశాన స్థలానికి స్థానిక సంస్థ గుర్తింపు అవసరం. ఆ నియమం అందరికీ ఒకే తీరుగా వర్తించినప్పుడే దానికి గౌరవం. మినహాయింపు పొందే వీలున్నవారు కొందరే కనుక, మిగిలినవారందరికీ ఊరి వల్లకాడే దిక్కు. దాని బాగోగులే అసలు పరీక్ష.

ఇక్కడ ఒక తెలుగు నాయకుడి ఉదాహరణ చెప్పుకోదగినది. అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, తరువాత 1977 నుండి 1982 వరకు భారత రాష్ట్రపతి. 1996 జూన్ 1న బెంగళూరులో మరణించారు. ఆయన సమాధి ఆ నగరంలోని కల్పల్లి శ్మశానంలో ఉంది. స్వరాష్ట్రం దాటి వచ్చి స్థిరపడిన ఒక తెలుగువాడు, దేశాధిపతిగా ఉండి కూడా, తాను కడపట నివసించిన ఊరి శ్మశానంలోనే విశ్రమించాడు. వలస వచ్చిన ఊరు సొంత ఊరు కావడం అంటే అదే.

అయితే ఆ చోటు అందరికీ సమానంగా దక్కుతున్నదా? తమిళనాట అనేక గ్రామాలలో కులానికొక శ్మశానం, కులానికొక దారి నేటికీ ఉన్నాయి. కొంగునాటి పట్టణాలలో వీధులు ఊడ్చే పని తరతరాలుగా చేస్తూ వచ్చినవారిలో అరుంధతీయులు ఎక్కువ. ఎన్నో ఊళ్లలో గోతులు తవ్వే పనీ వారి మీదే పడింది. పదిమందికి గొయ్యి తవ్వినవారి ఇంట్లో ఒకరు పోయినప్పుడు, పీనుగను పొలం గట్ల మీదుగా మోసుకుపోవలసి వస్తే, ఆ ఊరి నాయకుడి సమాధి మీద ఎంత పాలరాయి పరచినా ప్రయోజనం లేదు.

దీనికి చట్టం జవాబు చెప్పింది. షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు. ఆ కులాలు, తెగలవారిని ఇతరులతో సమానంగా శ్మశానం వాడుకోకుండా అడ్డుకోవడం నేరం. వారిచేత బలవంతంగా గోతులు తవ్వించడమూ నేరమే. ఈ సవరణలు 2016 జనవరి 26 నుండి అమలులో ఉన్నాయి. ఈ సంగతి తెలిసినవారు తెలియనివారికి చెప్పడం పొరుగువారి ధర్మం.

కొత్తగా వచ్చిన కుటుంబాలు తెలుసుకోవలసిన మరొక విషయం మరణ నమోదు. మరణం ఏ ఊళ్లో సంభవించిందో ఆ ఊరి రిజిస్ట్రారు దగ్గరే నమోదు కావాలి. సొంత ఊరికి తీసుకువెళ్లి దహనం చేసినా ఈ నియమం మారదు. ఇరవై ఒక్క రోజులలోపు తెలియజేస్తే ఆలస్య రుసుము ఉండదు. పింఛను, బీమా, ఆస్తి పత్రాలు అన్నీ ఆ ధ్రువపత్రం మీదనే నడుస్తాయి. దుఃఖంలో ఉన్న ఇంటికి పక్కింటివారు చేయగల మొదటి సాయం ఆ కార్యాలయానికి వెంట వెళ్లడం. పేరు, తండ్రి పేరు తమిళంలో సరిగా పడ్డాయో లేదో అక్కడికక్కడే చూసుకోవడం మంచిది; తరువాత దిద్దించుకోవడం తిరుగుడు పని.

చచ్చినవాడి కండ్లు చారెడని సామెత. పోయినవారిని పొగడడం తేలిక. పొల్లాచ్చి దగ్గరి సెంగుట్టైపాళయంలో పుట్టిన సి. సుబ్రమణ్యం 2000 నవంబరులో చెన్నైలో కన్నుమూశారు. ఆయనను తలచుకోవడానికి ఇక్కడి రైతుకు సమాధి అవసరం లేదు. పరంబికుళం-ఆళియార్ కాలువలో నీరు పారితే చాలు. ప్రతి వార్డు సభ్యుడూ అంత పెద్ద పథకం కట్టలేడు. కాని వల్లకాటికి దారి వేయించవచ్చు, నీటి కొళాయి పెట్టించవచ్చు, దీపం వెలిగించవచ్చు, గేటు అందరికీ తెరిపించవచ్చు. రేపు వార్డు సభలో ఆ నాలుగూ అడగడం పాతకాపులకూ కొత్తగా వచ్చినవారికీ సమానమైన హక్కు.