నోటరీ ముద్రతో ఇల్లు మనదైతదా?
(పాతబస్తీ మీటింగులో ఒక టీచరు ప్రసంగం)



ఉప్పుగూడ, జంగమ్మెట్ గల్లీల్లో మనోళ్ల చేతుల్లో ఉన్న కాగితమేంది? స్టాంపు కాగితం, దానిమీద నోటరీ ముద్ర. మా అయ్య అరవై గజాలు అట్లనే కొన్నడు. రిజిస్ట్రీ ఖర్చు మిగిలిందని సంబరపడ్డడు. ఆయనకు చదువు రాదు, సరే. డిగ్రీ చదివిన నేను కూడా చాన ఏండ్లు దాన్ని దస్తావేజే అనుకున్న!

1882 ఆస్తి బదిలీ చట్టం, 1908 రిజిస్ట్రేషన్ చట్టం చెప్పేది ఒకటే. వంద రూపాయలు, ఆపై విలువున్న ఇల్లుగానీ జాగగానీ అమ్మితే రిజిస్టరు కావాలె. సంతకం ఫలానా మనిషిదేనని నోటరీ ముద్ర వేస్తడు, అంతే, హక్కు మారదు. జీపీఏతోనూ మారదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది.

అసలు ప్రమాదం వేరే ఉన్నది. నోటరీ అమ్మకం ఈసీలో ఎక్కదు. అదే జాగను అమ్మినోడు రేపు ఇంకొకరికి రిజిస్ట్రీ చేస్తే, కొనేటోనికి ఈసీ సాఫుగనే కనబడుతది.

మరి అమ్మినోనికి బాధ్యత లేదా? ఉన్నది. కొనేటోడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం తనకు తెలిసీ దాస్తే, బదిలీ చట్టం 55వ సెక్షన్ దాన్ని మోసమనే అంటది. రెండోసారి కొనేటోడు కూడా ఇంట్ల ఉన్నదెవరో అడగాలె. మనం కాపురముంటే, మనకున్న హక్కేందో వానికి తెలిసినట్టే చట్టం లెక్క. అందుకే కరెంటు బిల్లు, నల్లా బిల్లు, పైసలిచ్చిన రసీదు పారెయ్యకుండ్రి.

అమ్మినాయన బతికుండగనే రిజిస్ట్రీ అడుగుండ్రి. మా అయ్యకు అమ్మినాయన పోయిండు. కొడుకులు నలుగురు. ఇప్పటికి ముగ్గురి సంతకాలు దొరికినయి.