సర్జనుగారి మొదటి పాఠం



మలంతో రక్తం పడితే, ‘ఆఁ, మొలలే లెండి’ అని ఊరుకుంటాం. చెప్పుకోవడానికి సిగ్గు. అది మలాశయ కాన్సరు కూడా కావచ్చును, వెంటనే చూపించుకోండి. ఇవాళ నేను చెప్పబోయేది మాత్రం ఆ ఆపరేషను చేసే డాక్టరుకు చెయ్యి ఎలా తిరుగుతుందన్న సంగతి.

మలాశయం కటి ఎముకల నడుమ ఇరుకుచోట వుంటుంది. దాని పక్కనే మూత్రవిసర్జనకూ, దాంపత్యానికీ సంబంధించిన సన్నని నరాలు. దాన్ని చుట్టివున్న కొవ్వును, బత్తాయి తొన పొర చిరగకుండా ఒలిచినట్టు, పొరతో సహా తీస్తే కాన్సరు తిరగబెట్టడం తగ్గుతుందని ఇంగ్లండు సర్జను హీల్డ్ 1982లో వివరించారు. తర్వాత పెద్ద కోత లేకుండా, చిన్న రంధ్రాలలోంచి కెమెరా పంపి చెయ్యడం వచ్చింది. మలద్వారం గుండా కిందినుంచి పైకి చేసే పద్ధతిని పాట్రీషియా సిల్లా అనే మహిళా సర్జను, స్పెయిన్‌కు చెందిన లేసీ మొదలైనవారు 2010లో ప్రకటించారు.

కొత్తదారి గదా, చాలామంది ఉత్సాహపడ్డారు. నార్వేలో 157 మందికి ఇలా చేసి లెక్కచూస్తే, రెండున్నరేళ్లు తిరిగేలోగా నూటికి 11.6 మందికి కాన్సరు అక్కడే మళ్లీ వచ్చేలా తేలింది. మామూలు పద్ధతిలో అది 2.4 మాత్రమే. ఆ దేశంలో ఈ పద్ధతిని ఆపేశారు. ఆ లెక్కలు 2020లో అచ్చయినాయి. లోపం పద్ధతిదా, నేర్చుకోవడంలోదా అన్న వాదన అలావుంచండి. నేర్చుకునేవారి తడబాటు రోగి ఒంటిమీద పడకూడదు, అంతేకదూ?

అందుకే శవంమీద నేర్పుతారు. శిష్యుడు తప్పు పొరలోకి పోతే గురువు ఆపి, లోపల తెరిచి, ‘ఇదిగో, ఇక్కడ దారి తప్పావు’ అని చూపించగలడు. ఫార్మలిన్‌లో వుంచిన శరీరం కొయ్యబారిపోతుంది. ఆస్ట్రియాలో గ్రాజ్ నగరపు వాల్టర్ థీల్ 1992లో ప్రకటించిన పద్ధతిలో భద్రపరిస్తే కండ మెత్తగా వుంటుంది, గాలి నింపితే పొట్ట ఉబ్బుతుంది. అయినా శవం రక్తం ఓడదు గనుక, ఆపైన మొదటి ఆపరేషన్లకు అనుభవమున్న సర్జను పక్కన నిలబడవలసిందే. ‘మీరివి ఎన్ని చేశారండీ?’ అని అడగడానికి మనమూ మొహమాటపడనక్కర్లేదు.

మరి ఆ శరీరాలు ఎక్కడివి? చాలావరకు దానమిచ్చినవారివి. మన మెడికల్ కాలేజీల అనాటమీ విభాగంలోనూ దేహదానం ఫారం ఇస్తారు. అయితే సంతకం ఆయన చేసినా, ఆ రోజున అప్పగించవలసింది మనమే, అదీ కొద్ది గంటల్లో. అంత దుఃఖంలో, చుట్టాల మధ్య, ‘దహనం లేదా?’ అని అత్తగారు అడిగితే ఏం చెబుతాం? ఆ మాటేదో ఇంటిల్లిపాదీ కూర్చుని ముందే అనుకోవాలి. ఫారం ఏ బీరువాలో వుందో పిల్లలకు కూడా తెలియాలి.