బొమ్మ చూపించి, కాసేపు ఆగండి

ఇంట్లో రెండు మూడేళ్ల పసివాళ్లున్నారా? జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్తే జంతువుల బొమ్మల పుస్తకం ఒకటి కొనండి. అట్టలు మందంగా ఉండాలి. పిల్లలు ముందు నోట్లో పెట్టుకునే చూస్తారు మరి!

పేజీలు గబగబా తిప్పేయకండి. ఆవు బొమ్మ మీద వేలు పెట్టి, "ఇదేం చేస్తోంది?" అని అడగండి. ఆగండి. "అంబా" అన్నా అది జవాబే. "అవును, ఆవు అరుస్తోంది, ఆకలేసిందేమో" అని మాట కలపండి. అడగడం, ఆగడం, కలపడం. అంతే. రోజూ అదే పుస్తకం తెచ్చినా విసుక్కోకండి. తెలిసిన కథైతే తర్వాతి మాట వాళ్లే అందిస్తారు.

చలికాలంలో కైకలూరు దగ్గర ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్తే, గూడబాతు బొమ్మ ఉన్న పుస్తకం వెంట తీసుకెళ్లండి. కొల్లేటి గూడబాతు ముక్కు కింద సంచి బొమ్మలోలాగే ఉందేమో చూడమనండి.